బాత్రూమ్‌కి ‘జీరో’ బల్బు చాలా?

హాలుకి వేలాడే దీపాలు, పూజగదికి చిట్టి బల్బుల తోరణం, పడగ్గదికి రంగుల లైట్లు... అన్నీ ఏరికోరి ఎంచుకుంటాం. బాత్రూమ్ దగ్గరకి వచ్చేసరికి మాత్రం ‘ఏదో ఒకటి పెట్టెయ్’ అనేస్తాం. నిజానికి ఇంట్లో నీళ్లూ కరెంటూ పక్కపక్కనే ఉండేదీ, తడినేల మీద ఒంటరిగా నడవాల్సి వచ్చేదీ అక్కడే. అడవి అంచునున్న ఊళ్లలో అయితే ఆ పైకప్పు లైటు పని ఇంకా పెద్దది.

అర్ధరాత్రి దాటి రెండు గంటలు. ఇల్లంతా గాఢనిద్రలో ఉంది. నాయనమ్మకి మెలకువ వచ్చింది. గోడ పట్టుకుని మెల్లగా నడిచింది. తలుపు పక్కనున్న స్విచ్ వేసింది. పైన ఎక్కడో అటక కింద ఎర్రగా, నీరసంగా ఓ బల్బు వెలిగింది. నేల తడిగా ఉందో పొడిగా ఉందో తెలియదు. మూలన నల్లగా కనిపిస్తున్నది నీళ్లు పోయే తూమో, తేలో అంతకన్నా తెలియదు. ‘రామయ్య తండ్రీ’ అనుకుంటూ అడుగు లోపల పెట్టింది.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం... అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల దాకా ఏ ఊరికెళ్లినా ఇలాంటి నాయనమ్మలు ఉంటారు. రాష్ట్రానికంతటికీ వెలుగునిచ్చే పాల్వంచ, మణుగూరు థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఉన్నదీ ఈ దారుల్లోనే. వాటికి బొగ్గునిచ్చే సింగరేణి గనులున్నదీ ఇక్కడే. అయినా ఇంటి వెనక బాత్రూమ్‌లో మాత్రం ‘జీరో’ బల్బే. దీపం కింద చీకటి అంటే ఇదేనేమో!

ఈ చీకటిని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. కింద పడిపోవడం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అరవై దాటినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. ఇక పాముకాటు. 2000 నుంచి 2019 వరకూ మనదేశంలో సగటున ఏటా 58 వేల మంది దానికి బలైపోయారని 2020లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల వరసలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అన్నింటికీ బాత్రూమ్ లైటే మందు కాదు. కానీ అడుగు వేసేముందు నేల కనిపిస్తే తప్పే ప్రమాదాలు మాత్రం చాలానే ఉన్నాయి.

స్లాబు పోయకముందే...

ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ అడుగుతాడు... ‘బాత్రూమ్‌లో లైటు ఎక్కడ పెట్టమంటారు సార్?’ అని. ‘నీ ఇష్టమయ్యా... తలుపు మీద ఓ హోల్డరు బిగించెయ్’ అని జవాబు. అక్కడితో ఆ ముచ్చట ముగిసిపోతుంది. అసలు చిక్కు మొదలయ్యేదీ అక్కడే. పైకప్పుకి లైటు కావాలంటే స్లాబు పోయకముందే పైపు వేయించి, లైటు వచ్చే చోట బాక్సు పెట్టించాలి. కాంక్రీటు పోశాక గుర్తొస్తే ఇక గోడల మీద తీగలు పాకించడమే.

ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది ఈ ప్రాంతం నుంచే. 2024 మార్చి 11న భద్రాచలంలో దాన్ని ప్రారంభించారు. ఆ ఇళ్లలో వంటగది, మరుగుదొడ్డి తప్పనిసరి. ఒకప్పుడు పెరట్లో తడికల చాటున స్నానం చేసిన కుటుంబాలు కూడా ఇప్పుడు సొంతంగా బాత్రూమ్ కట్టుకుంటున్నాయి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. ఇక్కడ మాత్రం ఇల్లు కట్టేటప్పుడే దీపం చక్కబెట్టుకోవాలి!

ఎంత వెలుగు కావాలి?

షాపుకెళ్లి ‘తొమ్మిది వాట్ల బల్బు ఇవ్వండి’ అంటాం. కానీ వాట్లు చెప్పేది బల్బు ఎంత కరెంటు తాగుతుందన్న సంగతి. వెలుగు ఎంతో చెప్పేవి ల్యూమెన్లు. ఆ అంకె డబ్బా మీదే ఉంటుంది. పాత అరవై వాట్ల గుండ్రని బల్బు ఇచ్చింది సుమారు 700 ల్యూమెన్లు. ఇప్పుడు తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు అంతకన్నా కాస్త ఎక్కువే ఇస్తోంది. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచారు. అలా ఇవి మారుమూల గూడేలకూ చేరాయి.

మన ఇళ్లలో బాత్రూమ్ సాధారణంగా అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉంటుంది. అంటే 35 చదరపు అడుగులు... సుమారు మూడుంపావు చదరపు మీటర్లు. ఒక్కో చదరపు మీటరుకీ 200 ల్యూమెన్లు పడితే నేల మీద నీటిచుక్క కూడా తెలుస్తుంది. ఆ లెక్కన 650 ల్యూమెన్లు నేలని చేరాలి. గోడలు, లైటు మూత తినేసే వెలుగుని కూడా కలుపుకుంటే 1000 ల్యూమెన్ల లైటు కొనాలి. పది, పన్నెండు వాట్ల ఎల్ఈడీ అందుకు సరిపోతుంది. ముదురు రంగు టైల్స్ వేసుకుంటే ఇంకొంచెం ఎక్కువ కావాలి. నలుపు వెలుగుని మింగేస్తుంది మరి.

ఇక ‘జీరో’ బల్బు సంగతి... పేరుకే సున్నా. పాత రకంలో అది పన్నెండు నుంచి పదిహేను వాట్ల కరెంటు తీసుకుంటుంది. అంటే ఇంచుమించు అంతే కరెంటుతో బాత్రూమ్ మొత్తాన్ని పట్టపగలులా చేసే ఎల్ఈడీ పెట్టుకోవచ్చన్నమాట!

అటక ఉందా... జాగ్రత్త!

బాత్రూమ్‌లో కరెంటు సామాను ఎంత ఎత్తులో ఉండాలి, నీళ్లకి ఎంత దూరంలో ఉండాలి అన్నదానికి అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. వాటి ప్రకారం స్నానం చేసే చోట నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు వరకూ... అంటే దాదాపు ఏడడుగుల అయిదంగుళాల దాకా నీళ్లు పడే ప్రాంతంగా లెక్క. షవర్ కింద ప్రత్యేకంగా తొట్టి లేకపోతే, షవర్ నుంచి చుట్టూ 1.2 మీటర్ల దూరం దాకా కూడా అదే లెక్క. మనది అయిదడుగుల గది. ఎటు చూసినా నాలుగడుగులు పోతే మిగిలేదెంత? పైగా మనం బకెట్టూ మగ్గుతో స్నానం చేసేవాళ్లం. గదంతా తడిసిపోతుంది. కాబట్టి బాత్రూమ్ మొత్తం నీళ్లు పడే చోటే అనుకోవడం మంచిది.

‘పైకప్పు పదడుగుల ఎత్తులో ఉంటుంది కదా, అక్కడికి నీళ్లెలా వస్తాయి?’ అంటారా? నిజమే. కానీ మన ఇళ్లలో చాలా బాత్రూమ్‌లకి పైన అటక ఉంటుంది. పాత గంగాళాలు, సంక్రాంతికి తప్ప కిందకి దిగని ఇత్తడి గుండిగలు అన్నీ దానిమీదే. ఆ అటక ఏడడుగుల ఎత్తులో వస్తుంది. దాని అడుగున లైటు బిగించారంటే అది 2.25 మీటర్ల లోపే... అంటే నీళ్ల ప్రాంతంలోనే ఉన్నట్టు! ఖమ్మం అపార్ట్‌మెంట్లలో ముచ్చటపడి వేయించుకునే ఫాల్స్ సీలింగ్‌తోనూ ఇదే ఇబ్బంది. పొడగరి చెయ్యెత్తితే లైటు అందుతుంది.

అలాంటి చోట చూడాల్సింది ‘ఐపీ’ అంకె. డబ్బా మీద ఐపీ44, ఐపీ65 అని రాసి ఉంటుంది. అందులో మొదటి అంకె దుమ్ము, పురుగుల నుంచి ఎంత రక్షణో చెబుతుంది. రెండోది నీళ్ల నుంచి ఎంత రక్షణో చెబుతుంది. 44 అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిందినా ఫర్వాలేదు. 65 అంటే దుమ్ము కూడా దూరదు, పైపుతో నీళ్లు కొట్టినా తట్టుకుంటుంది. హాల్లో పెట్టుకునే మామూలు ప్యానెల్ లైట్లు చాలావరకు ఐపీ20 రకం. అంటే నీళ్ల నుంచి రక్షణ సున్నా. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. షాపువాళ్లు చెప్పకపోతే మనకి తెలియదు. అందుకే అడగాలి.

అటక కింద, ఫాల్స్ సీలింగ్‌లో... ఐపీ65 తీసుకోండి. పదడుగుల స్లాబుకైతే ఐపీ44 చాలు. బల్బు హోల్డరే పెట్టాల్సివస్తే దానికి మూత ఉన్న ఫిట్టింగ్ ఉండాలి. బల్బు నేరుగా బయటికి కనపడకూడదు.

రేకుల కింద లైటు

పట్నం అపార్ట్‌మెంట్ వేరు, ఏజెన్సీ పల్లె వేరు. అక్కడ చాలా బాత్రూమ్‌లు పెరట్లో ఇంటికి దూరంగా ఉంటాయి. పైన రేకులే తప్ప స్లాబు ఉండదు. మే నెలలో కొత్తగూడెం, ఖమ్మం ప్రాంతాల్లో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. రేకు కింద వేడి ఇంకా ఎక్కువ. ఎల్ఈడీకి వేడి అంటే గిట్టదు. దాని లోపలుండే కెపాసిటర్ ఆయుష్షు ప్రతి పది డిగ్రీల వేడికీ దాదాపు సగానికి తగ్గిపోతుంది. ‘ఎల్ఈడీ పదేళ్లు వస్తుందన్నారు, ఏడాదికే పోయింది’ అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండే కారణం ఇదే.

ఉపాయం చిన్నదే. లైటుని రేకుకి ఆనించి బిగించకూడదు. రేకు కింద అడ్డదూలానికి ఒక చెక్క బిగించి, జానెడు కిందకి ‘బల్క్‌హెడ్’ రకం లైటు పెట్టాలి. తాబేలు డిప్పలా గుండ్రంగా, గట్టి ప్లాస్టిక్ ఒంటితో, మూత చుట్టూ రబ్బరుతో ఉంటుందది. గాలి ఆడుతుంది, వాన జల్లు కొట్టినా లోపలికి నీరు పోదు.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. ఇనుప రేకుల బాత్రూమ్‌లో తీగ ఎక్కడైనా ఒరుసుకుని తెగితే రేకు మొత్తం కరెంటు పట్టుకుంటుంది. తడి చేత్తో దాన్ని తాకితే ఇక చెప్పేదేముంది? అందుకే అక్కడ తీగలు ప్లాస్టిక్ పైపులోంచే రావాలి. లైటు కూడా ఇనుప బాడీ కాకుండా ప్లాస్టిక్‌ది అయ్యుండాలి. స్విచ్ ఎప్పుడూ తలుపు బయటే, పొడిగా ఉండే చోట.

కట్టెల పొయ్యి మీద కాగుతో నీళ్లు కాచే ఇళ్లలో పొగ చేరి లైటు మూత నల్లబడుతుంది. నెలకోసారి స్విచ్ ఆపి, చల్లారాక పొడిగుడ్డతో తుడిస్తే కొత్త లైటు కొన్నట్టే ఉంటుంది.

పురుగు వెనక కప్ప... కప్ప వెనక పాము

తొలకరి చినుకులు పడగానే ఉసిళ్లు లేస్తాయి. అడవి అంచు ఊళ్లలో ఆ రోజు ఇంట్లో లైటు వేసేందుకు భయపడతారు. తెల్లగా, నీలంగా వెలిగే లైటు చుట్టూ అవి మూగినంతగా పసుపు వెలుగు చుట్టూ మూగవు. పురుగుల కళ్లకి నీలం, అతినీలలోహిత కాంతులే బాగా కనపడటం అందుకు కారణం. పురుగులు చేరితే వాటికోసం బల్లులు, కప్పలు వస్తాయి. కప్పల కోసం పాములు వస్తాయి. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. చల్లగా, తడిగా ఉండే మూలలంటే తేళ్లకీ జెర్రులకీ ఇష్టం.

అందుకే ఇక్కడ లైటు రంగు అనేది అందం గొడవ కాదు. డబ్బా మీద ‘కెల్విన్’ అంకె చూడండి. 2700 నుంచి 3000 ఉంటే పసుపు వెలుగు. 4000 అయితే పాలలాంటి తెలుపు. 6500 అంటే నీలం కలిసిన తెలుపు. పెరటి బాత్రూమ్‌కీ, దానికి వెళ్లే దారికీ 3000 కెల్విన్ రకం మేలు. పురుగులు పూర్తిగా ఆగిపోవు గానీ తగ్గుతాయి. ఖమ్మం పట్నంలో, కిటికీలకి జాలీలున్న అపార్ట్‌మెంట్లో 4000 రకం పెట్టుకోవచ్చు. అద్దం ముందు గడ్డం గీసుకోవడానికీ అదే బాగుంటుంది.

పక్కనే ‘సీఆర్ఐ’ అని ఇంకో అంకె ఉంటుంది. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేది అదే. 80 కన్నా తక్కువైతే తీసుకోవద్దు. గోధుమరంగు గచ్చు మీద గోధుమరంగు తేలు కనిపించాలంటే రంగుల తేడా తెలియాలి కదా! నేలకి లేతరంగు, గరుకు టైల్స్ వేయించుకుంటే ఇంకా మంచిది. అన్నట్టు, అతినీలలోహిత కాంతి పడితే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. శాస్త్రవేత్తలు రాత్రిళ్లు తేళ్లని వెతికేది అలాంటి టార్చితోనే. మామూలు లైటుకి మాత్రం అది మెరవదు. మన కంటితో మనం చూసుకోవాల్సిందే.

నీడ ఎటు పడుతుంది?

ఒక్కటే లైటు పెట్టేటప్పుడు గది నట్టనడుమ పెట్టేస్తారు. అది తప్పేమీ కాదు. కానీ తలుపు తీసి లోపలికి వెళ్లేవారి వెనక లైటు ఉంటే వాళ్ల నీడే ముందు నేల మీద పడుతుంది. తలుపు నెత్తిన బిగించే హోల్డరుతో వచ్చే చిక్కు ఇదే. లైటు మనిషికి ఎదురుగా, కమోడ్‌కీ స్నానం చేసే చోటుకీ మధ్య పైకప్పులో ఉంటే నేల అంతా కనిపిస్తుంది. మూత పాలరంగులో ఉండాలి. లేకపోతే మెరిసే టైల్స్ మీద వెలుగు తళుక్కుమని కళ్లలో పడుతుంది. తడి ఉన్నదీ లేనిదీ పెద్దవాళ్లకి తెలియదు.

అద్దం ముందు పైకప్పు లైటు ఒక్కటే ఉంటే కళ్ల కింద, గడ్డం కింద నీడలు పడతాయి. అద్దం పైన గోడకి ఓ చిన్న లైటు పెట్టుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

రాత్రిపూట ఒక్కసారిగా పెద్దలైటు వెలిగితే కళ్లు బైర్లు కమ్ముతాయి. తెల్లని కాంతి వల్ల తర్వాత నిద్రా సరిగ్గా పట్టదు. అందుకని పైన పెద్దలైటుతో పాటు ఒక వాటు పసుపు ఎల్ఈడీని రాత్రంతా వెలగనివ్వండి. నెలంతా రోజుకి పన్నెండు గంటలు వెలిగినా అయ్యేది 0.36 యూనిట్లు... అర యూనిటు కూడా కాదు! మనిషి అలికిడికి దానంతటదే వెలిగే సెన్సర్ లైటు వరండాలో పెడితే బాత్రూమ్ దాకా దారీ కనిపిస్తుంది.

గోదారి పెరిగినా, కరెంటు పోయినా

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. అలాంటప్పుడు కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో చెప్పలేం. వానలకి చెట్లు కూలి తీగలు తెగడం అడవి దారుల్లో ఏటా ఉండేదే.

ఇన్వర్టర్ పెట్టుకునేవాళ్లు టీవీకీ ఫ్యాన్‌కీ లైను ఇస్తారు, బాత్రూమ్ లైటుని మర్చిపోతారు. మొదట ఇవ్వాల్సింది దానికే. పది వాట్ల లైటు ఇన్వర్టర్‌కి భారమే కాదు. ఇన్వర్టర్ లేనివాళ్లు కరెంటు పోయినా కొన్ని గంటలు వెలిగే రీఛార్జబుల్ ఎల్ఈడీ బల్బు వాడుకోవచ్చు. మూత ఉన్న ఫిట్టింగ్‌లో వేడి చేరకుండా చూసుకోవాలి. ఓల్టేజీ ఎక్కువ తక్కువలయ్యే ఊళ్లలో 100 నుంచి 300 ఓల్టుల వరకూ పనిచేసే రకం అడిగి తీసుకోండి. అదీ డబ్బా మీదే రాసి ఉంటుంది.

ఇంట్లోకి వరదనీరు వచ్చి పోయిందంటే ఎంత తొందరున్నా వెంటనే స్విచ్ వేయొద్దు. పైకప్పు లైటు తడవకపోయినా గోడలోని పైపుల్లో, బోర్డుల్లో నీరుంటుంది. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో అంతా చూపించాకే వెలిగించాలి. స్లాబు కారి లైటు గిన్నెలో నీళ్లు చేరినా అంతే. లైటు మార్చడం కాదు, ముందు స్లాబు బాగుచేయించాలి.

లైటు కన్నా ముందు...

ఎంత మంచి లైటైనా వెనకున్న లైను సరిగ్గా లేకపోతే వృథా. బోర్డులో ఎంసీబీ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటాం. అది కాపాడేది తీగల్ని. మనిషిని కాపాడేది ‘ఆర్‌సీసీబీ’. ఒంట్లోంచి భూమిలోకి కరెంటు పోతోందని తెలియగానే రెప్పపాటులో లైను ఆపేస్తుంది. ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్ల రకం వాడాలి. దానిమీద ‘టెస్ట్’ మీట ఉంటుంది. అప్పుడప్పుడూ నొక్కి పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. దానికి తోడు ఎర్తింగు. వేసవిలో ఎర్తింగు గుంత ఎండిపోతే నీళ్లు పోయడం మర్చిపోవద్దు.

షాపుకి వెళ్లేముందు

* గది కొలతలు, పైకప్పు ఎత్తు రాసుకోండి. అటక ఉంటే దాని ఎత్తు కూడా.
* 35 చదరపు అడుగులకి సుమారు 1000 ల్యూమెన్లు.
* అటక, ఫాల్స్ సీలింగ్, రేకుల కింద ఐపీ65. ఎత్తయిన స్లాబుకి ఐపీ44.
* పెరటి బాత్రూమ్‌కి 3000 కెల్విన్, అపార్ట్‌మెంట్‌కి 4000. సీఆర్ఐ 80కి తగ్గకూడదు.
* పాలరంగు మూత, ప్లాస్టిక్ బాడీ, బీఐఎస్ గుర్తు, వారంటీ చూడండి. బిల్లు దాచుకోండి.
* లైటు మార్చేటప్పుడు మెయిన్ ఆపండి. తడినేల మీద స్టూలు వేసి ఎక్కొద్దు.

పెద్ద ఖర్చేమీ కాదిది. హాల్లో వేలాడే దీపానికి పెట్టే డబ్బులో ఓ మూలకి కూడా రాదు. ఆ దీపాన్ని చుట్టాలు చూసి మెచ్చుకుంటారు. బాత్రూమ్ లైటుని ఎవరూ మెచ్చుకోరు. కానీ ఆ రాత్రి రెండు గంటలప్పుడు నాయనమ్మ స్విచ్ వేయగానే నేల నాలుగు మూలలా కనిపిస్తే... ఆమె రామయ్యకి దణ్ణం పెట్టుకుంటూనే, కళ్లతో చూసుకుని మరీ అడుగు వేస్తుంది. తెల్లారి లేచి అందరితో పాటు కాఫీ తాగుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?